ఇండియా వెళ్తూ లండన్‌లో మూడు రోజులు ఆగాలంటే ఈటీఏ ఎవరెవరికి కావాలి?

డాలస్_కోడలు:
అందరికీ నమస్కారం. డిసెంబర్‌లో డాలస్ నుంచి లండన్ మీదుగా హైదరాబాద్ వెళ్తున్నాం. మా ఆడపడుచు లండన్ దగ్గర రెడింగ్‌లో ఉంటుంది, ఎన్నేళ్లుగానో రమ్మంటోంది, సరే ఈసారి వెళ్లేటప్పుడే మూడు రోజులు ఆగుదామని టికెట్లు అలాగే తీసుకున్నాం. నాకూ ఇద్దరు పిల్లలకూ అమెరికా పాస్‌పోర్ట్‌లు. మా ఆయనది ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే, గ్రీన్‌కార్డ్ ఉంది. మా అత్తగారు కూడా మాతోనే తిరిగి వెళ్తున్నారు, ఆవిడది ఇండియన్ పాస్‌పోర్ట్, అమెరికా విజిటర్ వీసా మీద వచ్చారు. 2019లో నేను లండన్‌లో ఆగినప్పుడు పాస్‌పోర్ట్ చూపించి బయటికొచ్చేశాను, ఇంకేమీ అడగలేదు. ఇప్పుడేమో ఈటీఏ అని, బ్రిటన్ వెళ్లేముందే ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలంటున్నారు. గూగుల్‌లో వెతికితే పైన కనబడ్డ సైట్ మనిషికి 89 డాలర్లు అడుగుతోంది. కట్టేయనా? మా ఆయనకి గ్రీన్‌కార్డ్ ఉంది కాబట్టి ఆయనకీ ఇదే సరిపోతుందా?

స్లౌ_బావగారు:
ఆగండి ఆగండి, ఆ 89 కట్టకండి! అది మధ్యలో ఎవడో పెట్టుకున్న దుకాణం. బ్రిటన్ ప్రభుత్వానిదే యూకే ఈటీఏ అని యాప్ ఉంది, లేదంటే గవ్ డాట్ యూకేలో చేసుకోవచ్చు. ఫీజు మొదట 10 పౌండ్లు ఉండేది, 2025 ఏప్రిల్‌లో 16 చేశారు, ఇప్పుడెంతో అందులోనే చూసుకోండి. అమెరికా పాస్‌పోర్ట్ వాళ్లకి 2025 జనవరి 8 నుంచి ఇది తప్పనిసరి. చంటిపిల్లలకైనా సరే ఎవరిది వాళ్లకే తీసుకోవాలి, పిల్లలవి మీరే మీ ఫోన్‌లోంచి చేసేయొచ్చు. చాలామందికి త్వరగానే వచ్చేస్తుంది కానీ వాళ్లు చెప్పే గడువు మూడు పనిరోజులు, కాబట్టి ముందురోజు రాత్రి దాకా ఉంచకండి. ఒకసారి వస్తే రెండేళ్లు పనికొస్తుంది.

కాగితాల_పిచ్చి:
అసలు సమస్య మీ ఆయనదీ అత్తగారిదీ అండీ. అమెరికాలో ఉంటున్నారన్నది ఈటీఏకి లెక్కలోకి రాదు, చేతిలో ఏ దేశం పాస్‌పోర్ట్ ఉందన్నదే చూస్తారు. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి బ్రిటన్ వెళ్లాలంటే వీసా కావాలి, కాబట్టి వాళ్లిద్దరూ ఈటీఏకి అప్లై చేయడానికే అర్హులు కారు. మూడు రోజులు ఉండాలంటే స్టాండర్డ్ విజిటర్ వీసా కావాలి, దాని ఫీజు 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లు చేశారు, వేలిముద్రలకి అపాయింట్‌మెంట్ కూడా. మామూలుగా మూడు వారాలు పడుతుంది, ఇవాళే మొదలుపెట్టండి. గ్రీన్‌కార్డ్ వల్ల లాభం ఉంది కానీ అది విమానం మారేవాళ్లకి, చుట్టాలింటికి వెళ్లేవాళ్లకి కాదు. కెనడా అయితే నయం, 2022 ఏప్రిల్ నుంచి గ్రీన్‌కార్డ్ వాళ్లని వీసా గానీ వాళ్ల ఈటీఏ గానీ లేకుండా రానిస్తోంది. అక్కడ అలా ఉంది కదాని లండన్‌లో కూడా అంతే అనుకుని చాలామంది దెబ్బతింటున్నారు.

హీత్రో_బాధితుడు:
మీ పిల్లల పాస్‌పోర్ట్‌లు ఎప్పుడు అయిపోతాయో ముందు చూసుకోండి. 16 ఏళ్లలోపు పిల్లలకి అమెరికా వాళ్లు 5 ఏళ్లకే ఇస్తారు కదా. ఈటీఏ ఆ పాస్‌పోర్ట్ నంబర్‌కి ముడిపెట్టి ఉంటుంది, పాస్‌పోర్ట్ మారితే పాతది చెల్లదు. మేం మావాడికి ఈటీఏ తీసుకున్నాక వాడి పాస్‌పోర్ట్ రెన్యూ చేయించాం, ఆ సంగతే మర్చిపోయాం. చెకిన్ కౌంటర్‌లో ఆవిడ కంప్యూటర్ చూసి తల అడ్డంగా ఊపింది. అక్కడే సూట్‌కేసుల మీద కూర్చుని ఫోన్‌లో మళ్లీ అప్లై చేస్తే 40 నిమిషాలకి వచ్చింది గానీ, ఆ 40 నిమిషాలూ నా టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

డాలస్_కోడలు:
అందరికీ థ్యాంక్స్. వీసా విషయం తెలిసి అత్తగారు ఒకటే గొణుగుతున్నారు, కూతురింటికి వెళ్లడానికి కూడా వీసానా అని. టైమ్‌కి రాకపోతే వాళ్లిద్దరూ ఎయిర్‌పోర్ట్‌లోనే విమానం మారి వెళ్లిపోవచ్చా?

కాగితాల_పిచ్చి:
వెళ్లొచ్చు. హీత్రోలో ఇమిగ్రేషన్ దాటకుండా మారితే మీ ఆయనకి గ్రీన్‌కార్డ్, ఆవిడకి చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా సరిపోతాయి. కానీ టికెట్ మొత్తం ఒకటే బుకింగ్‌లో ఉండాలి, సామాను నేరుగా హైదరాబాద్‌కి వేయించుకోవాలి. విడివిడి టికెట్లయి సామాను తీసుకోవాల్సి వస్తే ఇమిగ్రేషన్ దాటాల్సిందే, అప్పుడు రూల్స్ వేరు. టికెట్ మార్చేముందు ఎయిర్‌లైన్‌ని అడగండి.

స్లౌ_బావగారు:
ఇంకోటి, యాప్‌లో పాస్‌పోర్ట్ చిప్ స్కాన్ అవకపోతే ఫోన్ కవర్ తీసేసి పెట్టండి. మా తోడల్లుడు గంటసేపు యాప్‌ని తిట్టాక తెలిసింది.