అప్పు కాగితాల్లో ఆర్బిట్రేషన్ షరతు ఉంటే వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళే దారి మూసుకుపోతుందా?

మిర్చి యార్డు ఆటో, గుంటూరు:

యార్డులో మిర్చి టిక్కీలు తరలించే సరకు ఆటోను నేనే నడుపుకుంటూ బతుకుతున్నాను. దాని కోసం నిరుడు ఒక ఫైనాన్స్ కంపెనీలో 3,20,000 రూపాయల అప్పు తీసుకున్నాను. రెండు వాయిదాలు ఆలస్యమైతే వేసిన జరిమానాను అసలులో కలిపి, దాని మీద మళ్ళీ వడ్డీ వేశారు. లెక్క చూపమంటే జవాబు లేదు గాని, చెన్నైలో కంపెనీయే నియమించిన మధ్యవర్తి ముందు హాజరు కావాలని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చింది. కాగితాలు తీసి చూస్తే 19వ పేజీలో, చీమల బారులాంటి అక్షరాల్లో, వివాదాలన్నీ ఆర్బిట్రేషన్‌లోనే, అంటే కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే, తేల్చుకోవాలని ఉంది. షోరూములో కుర్రవాడు పెన్సిలుతో ఇంటూ గుర్తులు పెట్టి ఇస్తే, గుర్తున్న చోటల్లా సంతకం చేశాను. ఆ సంతకంతో గుంటూరు జిల్లా కమిషన్‌కు వెళ్ళే హక్కు పోయినట్లేనా? అమెరికాలో ఇలాంటి షరతుల మీద పెద్ద రాజకీయ పోరు జరిగిందని విన్నాను, అక్కడ ఏం తేలింది?

న్యాయవాది, బ్రాడీపేట:

పోలేదండీ. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం ఈ చట్టమిచ్చే పరిహార మార్గం ఇతర చట్టాలకు అదనమే తప్ప వాటికి లోబడినది కాదు. 2015లో ఆర్బిట్రేషన్ చట్టాన్ని సవరించాక అలాంటి షరతు ఉన్న వివాదాలను విచారించే అధికారం వినియోగదారుల కమిషన్లకు పోయిందని ఒక గృహనిర్మాణ సంస్థ వాదించగా, ఎమార్ ఎంజీఎఫ్ – ఆఫ్తాబ్ సింగ్ కేసులో 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఇది చిన్న విషయం కాదు, ఆ తీర్పు మరోలా వచ్చి ఉంటే ఈ రోజు మీకు చెన్నై రైలు తప్ప వేరే దారి ఉండేది కాదు.

ఆటో వ్యాపారానికి కొన్నదని కంపెనీ అనవచ్చు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొన్నవారు వినియోగదారులేనని చట్టంలోనే వివరణ ఉంది కనుక, బండి మీరే నడుపుతున్నారని చూపే ఆధారాలు జతపరచండి. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసుకోవచ్చు, వస్తువుకో సేవకో చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. జరిమానాను అసలులో కలపరాదని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్‌ను తప్పక ప్రస్తావించండి.

అయితే నోటీసును పక్కన పడేయకండి. ఒకే పక్షం తనకు తానుగా ఏకైక మధ్యవర్తిని నియమించుకోవడం చెల్లదని 2019లో పెర్కిన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా అలాంటి నియామకాన్ని తప్పుపట్టింది. ఆ అభ్యంతరాన్ని వెంటనే రాతపూర్వకంగా పంపండి. అవార్డు, అంటే మధ్యవర్తి తీర్పు, వెలువడితే దాన్ని కొట్టేయించుకోవడానికి ఉండే గడువు మూడు నెలలే.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ:

అమెరికా సంగతి నేను చెబుతాను. 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత, 2010లో డాడ్-ఫ్రాంక్ చట్టంతో అక్కడ వినియోగదారుల ఆర్థిక రక్షణ బ్యూరో ఏర్పడింది. ఆర్బిట్రేషన్ షరతులను అడ్డుపెట్టుకుని ఖాతాదారులు కలిసికట్టుగా దావా వేయకుండా బ్యాంకులు ఆపరాదని ఆ బ్యూరో 2017 జులైలో నిబంధన తెచ్చింది. సామూహిక దావాలతో బాగుపడేది వకీళ్ళేనని, ఆర్బిట్రేషన్ చవకగా, త్వరగా ముగుస్తుందని వ్యతిరేకులు వాదించారు. ఆ ఏడాది అక్టోబరు 24న సెనేట్‌లో ఓట్లు 50–50గా చీలగా, ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ వేసిన ఒక్క ఓటుతో నిబంధన రద్దుకు ఆమోదం లభించింది. నవంబరు 1న ట్రంప్ సంతకం చేశారు. దాదాపు అలాంటి నిబంధనే మళ్ళీ తేవాలంటే ఇక కొత్త చట్టం కావలసిందే.

ఆర్బిట్రేషన్ అసలే చెడ్డదని నేను అనను. ఇద్దరు వ్యాపారులు సమానంగా కూర్చుని ఒప్పుకుంటే అది మంచి మార్గమే. కాని బండి తాళం చేతికి రావాలంటే సంతకం పెట్టక తప్పని మనిషి ఒప్పుకోలును ఒప్పుకోలుగా ఎలా లెక్కిస్తాం? ఒక్కొక్కరికి రెండు మూడు వేల నష్టమైతే విడిగా ఎవరూ పోరాడలేరు. మన చట్టం 35వ సెక్షన్ కింద, ఒకే రకమైన నష్టం జరిగినవారి తరఫున కమిషన్ అనుమతితో కలిపి ఫిర్యాదు చేయవచ్చు. మీ యార్డులో ఇంకెవరైనా ఉన్నారేమో కనుక్కోండి.

మిర్చి యార్డు ఆటో, గుంటూరు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ సాయంత్రం యార్డు గేటు దగ్గర అడిగితే అదే కంపెనీలో అప్పు తీసుకున్నవారు మరో ఇద్దరు కనిపించారు. వారి కాగితాల్లోనూ 19వ పేజీ అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంది, ఒకరికి చెన్నై నోటీసు కూడా వచ్చింది. రేపు ముగ్గురం అభ్యంతర పత్రాలు పోస్టు చేసి, రశీదులతో బ్రాడీపేట వస్తాము.