జీడి తొక్క నూనె మీద పీహెచ్‌డీ అయింది, గ్రాంట్ కోసం ముందు ఏ గుమ్మం ఎక్కాలి?

పలాస అమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది పలాస. మా అమ్మ ఇరవై రెండేళ్లు జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టింది. చేతులకు బూడిద రాసుకుని కూర్చున్నా సాయంత్రానికి వేళ్లు నల్లబడి, తోలు ఊడిపోయి ఉండేవి. పులుసు తగిలితే మంట. అందుకని చాలా రోజులు పెరుగన్నమే తినేది. అమ్మ చేతులు కాల్చిన ఆ నూనె మీదే నేను పీహెచ్‌డీ చేశాను.

ఆ నూనెలో ఎక్కువ భాగం అనకార్డిక్ యాసిడ్. వేడిచేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి కార్డనాల్ అవుతుంది. దాంతో చెక్కకు పూసే పూత ఒకటి తయారుచేశాను. పూత వేసిన మామిడి చెక్క ముక్కలు, వెయ్యనివి, రెండు రకాలూ మా పెరట్లో చెదపుట్ట పక్కన పాతాను. పదకొండు నెలలకు తవ్వితే వెయ్యని ముక్కలు చేతిలో పొడైపోయాయి. వేసినవి అంచుల దగ్గర కొంచెం గీరుకుపోయాయంతే. అమ్మకి చూపిస్తే చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

ఇప్పుడు 20 లీటర్ల రియాక్టర్ కావాలి, బయటి ల్యాబ్‌లో పరీక్షలు చేయించాలి. అంతా కలిపి తొమ్మిది లక్షల దాకా అవుతుంది. 2018లో తిత్లీకి మా కొబ్బరిచెట్లు పడిపోయాక ఇంట్లోంచి తెచ్చి పెట్టే స్థోమత లేదు. ఫ్రెండ్సేమో వెంటనే కంపెనీ పెట్టు అంటున్నారు. ఒకరు బిరాక్‌లో (బయోటెక్నాలజీ పరిశోధనకి సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 50 లక్షలిస్తారంటున్నారు. నా పీహెచ్‌డీ గైడ్ మాస్టారేమో ముందు జర్నల్‌కి పేపర్ పంపమంటున్నారు. నాలుగు నెలల కిందట ఒక సదస్సులో ఈ పని మీద పోస్టర్ కూడా పెట్టాను. దేని తర్వాత ఏది చెయ్యాలో ఎవరైనా చెప్పండి.

గంట్యాడ అన్నయ్య:

చెల్లీ, నాది విజయనగరం జిల్లా. మెడికల్ పరికరం చేస్తాను, ఈ గుమ్మాలన్నీ ఎక్కి దిగినవాణ్ణి. నేను వరస తప్పి నష్టపోయాను, నువ్వు తప్పొద్దు.

కంపెనీ ఇప్పుడే రిజిస్టర్ చెయ్యకు. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ అని 2021లో వచ్చింది. ప్రోటోటైప్ (నమూనా వస్తువు), ట్రయల్స్ లాంటి వాటికి 20 లక్షల దాకా గ్రాంట్, మార్కెట్లోకి దిగేటప్పుడు 50 లక్షల దాకా అప్పుగానో డిబెంచర్లుగానో (తర్వాత వాటాగా మారగల అప్పుపత్రాలు) ఇచ్చే పథకం. డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల శాఖ విభాగం) నుంచి స్టార్టప్‌గా గుర్తింపు ఉండాలి, అప్లై చేసేనాటికి కంపెనీ పుట్టి రెండేళ్లు దాటకూడదు. నేను ఉత్సాహం కొద్దీ ముందే రిజిస్టర్ చేసేశాను. పరికరం పనిచేసే నాటికి ఆ రెండేళ్లూ అయిపోయాయి. ఇంకో మెలిక కూడా ఉంది. వేరే ప్రభుత్వ పథకం నుంచి 10 లక్షలకు మించి డబ్బు తీసుకుని ఉంటే ఇందులో అర్హత పోతుంది. అంటే బిరాక్ వాళ్ల ‘బిగ్’ అనే గ్రాంట్ 50 లక్షలు ముందు తీసుకున్నవాళ్లకి ఈ తలుపు మూసుకున్నట్టే. పైగా బిగ్ బయోటెక్నాలజీ ఆలోచనలకి. నీది అచ్చంగా కెమిస్ట్రీ, అక్కడ నిలబెట్టడం కష్టం.

నీకు సరిపోయేది డీఎస్‌టీ (కేంద్ర సైన్స్, టెక్నాలజీ శాఖ) వాళ్ల ‘నిధి ప్రయాస్’ పథకం. చేత్తో పట్టుకుని చూపించగలిగే వస్తువు ప్రోటోటైప్‌కి 10 లక్షల దాకా ఇస్తారు, సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వరు. నీ తొమ్మిది లక్షలు అందులో సరిపోతాయి, సీడ్ ఫండ్ వాళ్ల 10 లక్షల గీత కూడా దాటవు. డబ్బు ప్రయాస్ సెంటర్ ద్వారా వస్తుంది. ప్రతి ఇంక్యుబేటరూ (కొత్త కంపెనీలకి చోటూ సాయమూ ఇచ్చే కేంద్రం) ప్రయాస్ సెంటర్ కాదు, అది అడిగి తెలుసుకున్నాకే బస్సెక్కు. డబ్బు విడతలుగా వస్తుంది. మొదటి విడత లెక్కలు, బిల్లులు సరిగ్గా లేకపోతే రెండోది కదలదు. నాకు రియాక్టర్ లాంటిదే ఒక మెషీన్ కొటేషన్ ఒక్కటే ఉందని మూడు నెలలు ఆగిపోయింది. నువ్వు మూడు కొటేషన్లు ఇప్పుడే తెప్పించుకో.

పేటెంట్ పని చేసే మనిషిని:

పేపర్ పంపకండి అమ్మా, ముందే బయటపెడితే పేటెంట్ రాకపోవచ్చు. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక వివరణతో పెట్టే పేటెంట్ దరఖాస్తు) ఫైల్ చెయ్యండి. వ్యక్తికైనా విద్యాసంస్థకైనా ఆన్‌లైన్‌లో ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలే. పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలల టైముంటుంది. పోస్టర్ సంగతే నాకు గుబులుగా ఉంది. మన పేటెంట్ చట్టం 31వ సెక్షన్లో, పండిత సంఘం ముందు చదివిన పేపర్‌కి 12 నెలల వెసులుబాటుంది. మీ సదస్సు దాని కిందికి వస్తుందో లేదో ఏజెంట్‌తో ఈ వారమే తేల్చుకోండి. యూరప్‌లో మాత్రం ఈ వెసులుబాటు మీద ఆశ పెట్టుకోవద్దు. పేటెంట్ హక్కు మీదా యూనివర్సిటీదా అన్నది మీరు చేరినప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లోనూ, యూనివర్సిటీ ఐపీ పాలసీలోనూ (కనిపెట్టినవాటి హక్కుల నియమాలు) ఉంటుంది. వాళ్లదే అయితే లైసెన్స్ మీకిస్తామని రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం లేకుండా వెళ్తే గ్రాంట్ కమిటీ మొదట అడిగే ప్రశ్న అదే.

కాశీబుగ్గ పిక్కల వ్యాపారి:

అమ్మాయీ, మనూరి పిల్లవి కాబట్టి అడుగుతున్నాను. నువ్వు తీసిన నూనె బట్టీలో వేయించిన పిక్కల తొక్కదా, బాయిలర్‌లో ఉడికించిన వాటిదా? బట్టీలో చాలా నూనె అక్కడే కాలిపోతుంది. ఆవిరి మీద ఉడికిస్తే తొక్కలోనే నిలుస్తుంది. రెండింటి నూనే ఒకలా ఉండదు. నువ్వు ఒక రకంతో పూత చేసి, రేపు నేను ఇంకో రకం పంపితే పాడవదూ? రెండు రకాలూ మా దగ్గర దొరుకుతాయి. బస్తా తీసుకుపో, డబ్బు వద్దు. ఇంకో మాట. పడవలకి అమ్ముదామనుకోకు, తీరమంతా ఫైబర్ వచ్చేసింది. వడ్రంగుల దగ్గరికి వెళ్లు, ద్వారబంధాలకి చెద పట్టి ఏడ్చేది వాళ్లే.

పలాస అమ్మాయి:

అన్నయ్యా, బాబాయ్‌గారూ, అందరికీ చేతులెత్తి దణ్ణం. నేను వాడింది బాయిలర్ తొక్క ఒక్కటే. ఇన్నేళ్లలో రెండో రకం సంగతి నాకు తట్టనే లేదు, ల్యాబ్‌లో ఎవరూ అడగనూ లేదు. పేపర్ ఆపమని మాస్టారికి ఇప్పుడే చెప్పాను, ప్రొవిజనల్ కాగితాలు తనే చూస్తానన్నారు. కంపెనీ మాట పక్కన పెట్టేశాను. శనివారం కాశీబుగ్గ వస్తాను బాబాయ్, రెండు బస్తాలూ తీసుకుంటాను. అమ్మ కూడా వస్తానంటోంది, ఏ తొక్క ఏ రకమో ముట్టుకుని చెప్తుందట.