అర్ధరాత్రి ఆల్బమ్ టైమ్‌కే వేరే స్టేషన్ దూరుతోంది: అటకలో ఏ యాంటెన్నా పెట్టాలి?

ఉండేది న్యూజెర్సీ. ఉత్తరాన సుమారు 50 మైళ్ళ దూరంలోని క్లాసిక్ రాక్ ఎఫ్‌ఎం స్టేషన్ రాత్రి 12కి ఒక ఆల్బమ్ మొదటి పాట నుంచి చివరిదాకా వేస్తుంది. పగలు స్టీరియో శుభ్రంగా వస్తుంది. గాలి ఆడని వేసవి రాత్రుళ్ళు మాత్రం 11:30 దాటాక అదే ఫ్రీక్వెన్సీలో దక్షిణం వైపు స్టేషన్ పైకొచ్చేస్తోంది. గిటార్ సోలో మధ్యలో టైర్ల యాడ్! ట్రోపో డక్టింగే (గాలి పొరలు దూరపు సిగ్నల్‌ని ఇక్కడిదాకా మోసుకురావడం) అయ్యుండాలి.

మోనోకి మారిస్తే హిస్ (బుస్సుమనే శబ్దం) తగ్గింది గానీ ఆ స్టేషన్ పోలేదు. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ (కంప్యూటర్‌కి తగిలించే యూఎస్‌బీ రేడియో రిసీవర్) గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచే మోతాదు, 40 నుంచి 28 డీబీకి దించినా అంతే. 5 అడుగుల డైపోల్ (రెండు కడ్డీల సాదా యాంటెన్నా) ఎటు తిప్పినా లాభం లేదు, అది ముందూ వెనకా ఒకేలా పట్టేస్తుంది కదా. ఆన్‌లైన్ స్ట్రీమ్ వద్దు, యాడ్స్ దూర్చి పాట మొదలు కోసేస్తారు.

అటకలో బూమ్‌కి (యాంటెన్నా అడ్డకడ్డీలని మోసే నడిమి కడ్డీ) 6 అడుగులే చోటుంది. వెనక స్టేషన్‌ని అణచడానికి 3 ఎలిమెంట్ల (అడ్డకడ్డీల) యాగీ, అంటే ఒకవైపే బాగా పట్టే యాంటెన్నా, సరిపోతుందా?