ఆర్డీ350 పెట్రోల్ లైన్‌లో ఫిల్టర్ పెట్టొచ్చా?

సీతమ్మధార_ఆర్డీ: నాది రాజ్‌దూత్ 350, అదే ఆర్డీ350 బైక్. రెండు మికూని కార్బ్‌లూ (కార్బ్యురేటర్లు) విప్పించి నీడిల్ వాల్వులు, ఓరింగులు కొత్తవి వేయించాను. ట్యాంకులో తుప్పుంది కదా అని అంతకుముందే నేను ఒక ప్లాస్టిక్ ఫిల్టర్ పెట్టి, దాని కింద టీ జాయింట్‌తో రెండు కార్బ్‌లకీ లైన్ ఇచ్చాను. మొన్న సింహాచలం ఘాట్‌లో ఎడమ సిలిండర్ సీజ్, పిస్టన్ లోపల పట్టేసింది. మెకానిక్ ఫిల్టర్ వల్లే అంటున్నాడు.

గాజువాక_బాబాయ్: సరిగ్గానే అన్నాడు. ఆర్డీకి పంపు లేదు బాబూ, పెట్రోలు దానంతటదే కిందికి దిగాలి. అడుగు ఎత్తులో ఉన్న పెట్రోలు అర పీఎస్ఐ ప్రెషర్ కూడా ఇవ్వదు, కారు పేపర్ ఫిల్టర్ దాన్ని మింగేస్తది. ఘాట్‌లో ఫుల్ త్రాటిల్ మీద కార్బ్ కింద పెట్రోలు నిలిచే బౌల్ ఖాళీ అయితే మిక్స్చర్ లీన్ (పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ), టూస్ట్రోక్‌లో లీన్ అంటే పిస్టన్ పట్టేసినట్టే. ముందు తుప్పు కడుక్కో.

సీతమ్మధార_ఆర్డీ: అది కారుది కాదండీ, బైక్‌దే, లోపల నైలాన్ జాలీ. సగం నిండి కనపడుతుంది.

గాజువాక_బాబాయ్: సగమే ఎందుకు నిండింది మరి?

బీచ్‌రోడ్_యెజ్డీ: సగం ఉంటే తప్పేం లేదు, నాదీ అంతే.

గాజువాక_బాబాయ్: నీది యెజ్డీ, సింగిల్ కార్బ్.

కంచరపాలెం_టూస్ట్రోక్: ఏటి గురూ ఫిల్టర్ గోల, ఇప్పుడొచ్చే ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) సంగతి చూడండి. పాత రబ్బరు మెత్తబడి లోపల పెచ్చులూడి కార్బ్‌లో పెట్రోలు వెళ్లే సన్న జెట్‌లో ఇరుక్కుంటది, ఇక మన సముద్రపు తేమకి ఇథనాల్ నీళ్లు లాగితే బౌల్ అడుగున తెల్ల పొడే. ఎస్ఏఈ 30ఆర్9 రకం పెట్రోల్ హోస్ వేయించు, లోపల ఇథనాల్‌కి తట్టుకునే వైటాన్ పొర ఉంటది. కానీ అది బిరుసు, చిన్న వంపులో మడత పడిపోద్ది.

సీతమ్మధార_ఆర్డీ: అదే కొనిచ్చాను అన్నా.

గాజువాక_బాబాయ్: హోస్ మీరే కొంటారు, ఫిల్టర్ మీరే పెడతారు, సీజ్ అయితే మాత్రం మేం మెకానిక్‌లం సిలిండర్ బోరింగ్ ఫ్రీగా చేయాలి! ఇలాంటి బేరానికే పోయిన్నెల నా షెడ్డులో ఒకడు బండి వదిలేసి పోయాడు.

సీతమ్మధార_ఆర్డీ: అదా అసలు సంగతి! మీరు నా మెకానిక్‌ని వెనకేసుకొస్తున్నారు. ట్రయల్ వేసి, బాగుంది సార్ అని కార్బ్ పనికి డబ్బులు తీసుకున్నోడికి అప్పుడు ఫిల్టర్ కనపడలేదా?

బీచ్‌రోడ్_యెజ్డీ: గొడవెందుకండీ.

కంచరపాలెం_టూస్ట్రోక్: ఒక్క నిమిషం. రెంటికీ ఒకటే ఫిల్టర్ అయితే ఎడమదే ఎందుకు పట్టేసింది? ఎడమ ఇన్‌టేక్ రబ్బరు పగిలి గాలి లాగుతుందా, హోస్ ఎక్కడైనా నలిగిందా చూడు. ఫొటో పెట్టు.

సీతమ్మధార_ఆర్డీ: చూశాను. రబ్బరు బాగానే ఉంది. ఎడమ కార్బ్‌కి హోస్ తొడిగే నిపిల్ దగ్గర హోస్ మడిచిన స్ట్రాలా నలిగిపోయింది, ఫొటో పెట్టా. ఇది బిగించింది మెకానిక్కే.

గాజువాక_బాబాయ్: కొనిచ్చింది ఎవరు?