4.8 సెంటీమీటర్ల అండాశయ తిత్తి: "నొప్పి ఎక్కువైతే రండి" అంటే ఎంత ఎక్కువ?

మెట్లమీద ఆగినామె

నాకు 31 ఏళ్ళు. మూడు వారాల క్రితం మూత్రంలో మంటగా ఉందని వెళ్తే, స్కానింగులో కుడి అండాశయంలో 4.8 సెంటీమీటర్ల నీటి తిత్తి బయటపడింది. "మామూలు తిత్తే, ఎనిమిది వారాల తర్వాత మళ్ళీ స్కానింగు చేయించండి, నొప్పి ఎక్కువైతే రండి" అన్నారు డాక్టరు. ఆ "ఎక్కువ" దగ్గరే నాకు తెగడం లేదు.

సాయంత్రానికల్లా పొత్తికడుపులో కుడివైపు బరువుగా, లాగుతున్నట్లు ఉంటుంది. వేడినీళ్ళ సంచి పెట్టుకుంటే తగ్గుతుంది. దానికి అలవాటు పడ్డాను. మొన్న మాత్రం మెట్లు ఎక్కుతుండగా ఉన్నట్టుండి కత్తి దించినట్లయింది. గోడ పట్టుకుని నిలబడ్డాను, కడుపులో తిప్పింది, చెమటలు పట్టాయి. పావుగంటలో ఏమీ లేనట్లే పోయింది. నెలసరి ఆలస్యం కాలేదు, వారం క్రితమే వచ్చింది. పోయిన నొప్పిని పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళి ఏమని చెప్పాలి?

మూడు కుట్లు

మెట్లమీద ఆగినామె గారూ, ఆ పావుగంట గురించే చెప్పాలి.

నాది ఎడమవైపు, డెర్మాయిడ్ తిత్తి (లోపల నీటికి బదులు కొవ్వు, వెంట్రుకల్లాంటివి ఉండేది), 7 సెంటీమీటర్లు. ఒక ఆదివారం ఉతికిన బట్టలు మడతపెడుతుండగా మీరు చెప్పిన నొప్పే వచ్చింది. ఒక వాంతి అయింది, ఇరవై నిమిషాల్లో తగ్గింది. తగ్గింది కదా అని నన్ను నేనే మెచ్చుకుని మిగిలిన బట్టలు మడతపెట్టాను. బుధవారం మళ్ళీ వచ్చి పోయింది. గురువారం రాత్రి రెండు గంటలకు వచ్చింది మాత్రం పోలేదు. నొప్పి మాత్ర వేసుకుని, మోకాళ్ళు ఛాతీకి ఆనించుకుని, తెల్లవారేదాకా గోడ గడియారం చూస్తూ పడుకున్నాను. ఎవరినీ నిద్ర లేపలేదు. ఇప్పటికీ నా మీద నాకు కోపం వచ్చేది అందుకే.

తర్వాత డాక్టరు విడమరిచి చెప్పారు. అండాశయం కాడకు వేలాడే కాయలాంటిది. తిత్తితో బరువెక్కితే ఆ కాడ మెలితిరుగుతుంది. ముందుగా నొక్కుకుపోయేవి రక్తాన్ని వెనక్కి తీసుకెళ్ళే సిరలు; లోపలికి వచ్చిన రక్తం బయటికి పోలేక అండాశయం ఉబ్బిపోతుంది. ఒక్కోసారి మెలిక దానంతట అదే విడిపోతుంది. నేను "తగ్గింది" అనుకున్నది అదేనట! ఆపరేషన్‌లో చూసేసరికి అండాశయం నల్లబడి ఉందట. అయినా తీసెయ్యకుండా మెలిక విప్పి, తిత్తిని మాత్రం తొలగించారు. కొన్ని నెలల తర్వాత స్కానింగులో అది మళ్ళీ పనిచేస్తున్నట్లు కనిపించింది. అందరి అదృష్టం ఇలాగే ఉంటుందని చెప్పలేను.

ఇంకొకటి. అత్యవసర విభాగంలో నేను "కడుపునొప్పి" అన్నాను, నలభై నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టారు. మీరు అలా అనకండి. "అండాశయంలో తిత్తి ఉంది, ఇంత సైజు, నొప్పి ఒక్కసారిగా మొదలైంది, వాంతి వస్తోంది" అని వరుసగా చెప్పండి. పాత స్కానింగు కాగితం చేతిలో పెట్టండి.

దాగుడుమూతలు

ఎందుకంత భయపెట్టడం? నాకూ 4 సెంటీమీటర్లు ఉండేది. మూడు నెలలు గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే కరిగిపోయింది.

రాత్రి డ్యూటీ

స్త్రీల వార్డులో నర్సును, డాక్టరును కాను. దాగుడుమూతలు గారూ, మీ తిత్తి మాత్రలు లేకపోయినా పోయేదే అనుకుంటాను. ఆ మాత్రలు అండం విడుదలను ఆపి కొత్త తిత్తులు రాకుండా చూస్తాయి తప్ప ఉన్నదాన్ని కరిగించవు. నెలసరితో ముడిపడిన తిత్తులు ఎక్కువగా రెండు మూడు నెలల్లో వాటంతట అవే పోతాయి, ఆ మాట నిజం. నెలసరి ఆగిపోయిన వయసులో కనబడిన తిత్తిని మాత్రం ఆ ధీమాతో వదిలెయ్యకూడదు.

మెట్లమీద ఆగినామెకు: ఇవాళే డాక్టరుకు ఫోను చేయండి. మెలిక భయం 5 సెంటీమీటర్లు దాటితే ఎక్కువ, అంతకన్నా చిన్నవి మెలితిరగవని కాదు. అలాంటి నొప్పి మళ్ళీ వస్తే అపాయింట్‌మెంటు కోసం చూడకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్ళండి. దారిలో ఏమీ తినకండి, తాగకండి, ఆపరేషన్ అవసరం కావచ్చు. బండి మీరు నడపకండి.

తిత్తి పగిలినా ఇలాగే ఉన్నట్టుండి నొప్పి వస్తుంది. చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. లోపల రక్తస్రావం ఆగకపోతేనే ప్రమాదం: కళ్ళు తిరగడం, గుండె దడ, ఒళ్ళు చల్లబడటం, భుజం కొసన నొప్పి. భుజానికీ కడుపుకూ సంబంధం ఏమిటని అందరూ అడుగుతారు. కడుపులో చేరిన రక్తం ఊపిరితిత్తులకు కింద అడ్డంగా ఉండే కండర పొరను (డయాఫ్రమ్) తాకితే నొప్పి భుజంలో తెలుస్తుంది. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి. జ్వరం తోడైనా ఆగవద్దు. నెలసరి తప్పి ఉంటే గర్భపరీక్ష తప్పనిసరి, గర్భసంచిలో కాకుండా అండవాహిక గొట్టంలో గర్భం నిలిచినా నొప్పి ఇలాగే ఉంటుంది.

స్కానింగులో రక్తప్రసరణ బాగానే కనిపించినంత మాత్రాన మెలిక లేదని తేల్చలేరు. నొప్పి తగ్గకుండానే ఇంటికి పంపిస్తుంటే "ఇంకా నొప్పిగానే ఉంది" అని గట్టిగా చెప్పండి.

మెట్లమీద ఆగినామె

నిన్న మధ్యాహ్నం వెళ్ళాను. ఫోనులో "పావుగంట, వాంతి వచ్చినట్లు" అనగానే వెంటనే రమ్మన్నారు. తిత్తి 5.6 అయింది. ప్రస్తుతానికి మెలిక ఆనవాళ్ళు లేవు, కానీ వచ్చి విడిపోయి ఉండవచ్చన్నారు. సాయంత్రం దాకా ఉంచి చూశారు. ఎనిమిది వారాల మాట ఎత్తలేదు, వచ్చే మంగళవారం ఆపరేషన్ గురించి మాట్లాడటానికి రమ్మన్నారు. అప్పటిదాకా పరుగులు, గెంతులు వద్దన్నారు.

మూడు కుట్లు గారూ, స్కానింగు కాగితం సంచిలోనే ఉంది. రాత్రి రెండు గంటలకైనా సరే లేపుతానని మా ఆయనకు చెప్పాను. ఫోను ఆయన తలగడ పక్కకు మార్చుకున్నారు.