ఉగాది షో: గుడి హాలు వాళ్ళు కుదరదన్నారు, ఇంకా పది రోజులే

శిరీష, బుధవారం రాత్రి 10:20
పాత థ్రెడ్‌లో పులిహోర లెక్కల మధ్య ఇది మునిగిపోతుందని విడిగా పెడుతున్నాను. గుడి హాలు మేనేజర్ ఇందాక ఫోన్ చేశారు. మన ఫ్లయర్ చూశారట. ‘బాబాల గుట్టు రట్టు’ అనే కార్యక్రమానికి హాలు ఇవ్వరట. ఆ అరగంట తీసేస్తే సరే, లేకపోతే డిపాజిట్ 200 పౌండ్లు వెనక్కిచ్చేస్తారట. శుక్రవారం సాయంత్రంలోగా చెప్పాలి.
జాబితా మాత్రం అదే: పులిహోర 80 మందికి, మైకులు, పార్కింగ్ దగ్గర ఇద్దరు, పచ్చడికి వేపపువ్వు. ఒక్కదాని ఎదురుగా కూడా పేరు లేదు.

శ్రీను, 10:34
తీసేసే ప్రశ్నే లేదు. మా ఊరి హైస్కూల్లో మూఢనమ్మకాల మీద ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వాళ్ళు నాలుక మీద కర్పూరం వెలిగించి చూపించినప్పుడు నేను ఏడో తరగతి. ఆ రోజుతో నాకు భూతవైద్యుడంటే భయం పోయింది. ఇక్కడి పిల్లలకి ఆ అరగంటైనా ఇద్దాం.

లక్ష్మి, 10:41
శ్రీనూ, నేను ముందే చెప్పాను. కాషాయం కట్టిన గడ్డపాయన బొమ్మ వేసి, కింద ‘గుట్టు రట్టు’ అని రాస్తే గుడి వాళ్ళు ఏమనుకోవాలి? పండగ రోజు దేవుడి మీద జోకులైతే మా ఇంటినుంచి ఎవరూ రారు. డాన్స్ పిల్లలు ఆరుగురూ మా దగ్గరే నేర్చుకుంటున్నారు, అదీ గుర్తుంచుకోండి.

శ్రీను, 10:43
దేవుడి మీద కాదండీ, దేవుడి పేరు చెప్పి డబ్బు గుంజేవాళ్ళ మీద. ఆ తేడా తెలియకపోతే నేనేం చెయ్యను?

లక్ష్మి, 10:44
నాకు తేడా తెలియదా? మంచిది. డాన్స్ కూడా మీరే చేయించుకోండి.

కిరణ్, 10:52
ఫ్లయర్ తప్పు నాది. రాత్రి ఒంటిగంటకి చేశాను, దొరికిన బొమ్మ పెట్టేశాను. మార్చేస్తా.

వేణు, 11:05
నా మాట కూడా వినండి. నేను వారాంతాల్లో పిల్లల పుట్టినరోజులకి మ్యాజిక్ చేసుకుంటున్నవాణ్ణి. తాడు ముక్కలు, కప్పులూ బంతులూ, పేకలు, ఇవి ఎలా చేశానో స్టేజి మీద చెప్పమంటే చెప్పను. అది మా వృత్తి నియమం. ‘ఇది మోసమే, సరదాగా చూడండి’ అని చెప్పి చేసేవాడి గుట్టు ఎందుకు విప్పాలి? శక్తులున్నాయని చెప్పి చేసేవాడిదైతే రెండు చేతులా విప్పుతాను. మెజీషియన్ జేమ్స్ రాండీ కూడా అంతే. 1973లో, మనోశక్తితో చెంచాలు వంచుతానన్న యూరీ గెల్లర్ అమెరికా టీవీకి వచ్చినప్పుడు, చెంచాలు అతని మనుషుల చేతికి అందకుండా చూడండని ముందే సలహా ఇచ్చాడు. ఆ రాత్రి ఒక్క చెంచా వంగలేదు. చేతి కనికట్టు పట్టుకోవడానికి సైంటిస్టు కంటే ఇంకో కనికట్టువాడే నయం.

శిరీష, 11:11
అదంతా బాగుంది వేణూ. హాలు సంగతి?

మూర్తి, గురువారం ఉదయం 6:15
నిద్ర పట్టక చదివాను. లక్ష్మీ, శ్రీనూ, ఇద్దరూ కాస్త ఆగండమ్మా. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని ఢిల్లీలో మొదలైంది. సాయంత్రానికి మన లండన్ సౌత్‌హాల్‌లోనూ క్యూలే. నేనూ నిలబడ్డాను, సగం రోజు సెలవు పెట్టి మరీ. నా చెంచాలో పాలు నిజంగానే తగ్గాయి! కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికొచ్చి పూజగదిలో ఇత్తడి నందికి పట్టాను, తాగింది. ఊరుకోకుండా మా ఆవిడ కాఫీ కప్పు పిడికి పట్టింది. అదీ తాగింది.
చెంచా అంచు విగ్రహానికి తగలగానే తలతన్యత (సర్‌ఫేస్ టెన్షన్) వల్ల పాలు పైకి లేచి, రాతి మీద పల్చటి పొరగా జారిపోతాయట. తెల్ల రాయి మీద తెల్ల పాలు, కంటికి ఆనవు. ఢిల్లీలో సైంటిస్టులు రంగు కలిపి పట్టేసరికి కారేది కనిపించింది. నా పూజ ఆ రోజూ మానలేదు, ఇవాళా మానలేదు. ఇది పిల్లలకి చెప్పాలంటే నేను చెప్తాను, గడ్డం అక్కర్లేదు.

లక్ష్మి, 7:40
అంకుల్, మీరు చెప్తే నేను ముందు వరసలో కూర్చుంటాను. శ్రీనూ, రాత్రి కాస్త ఎక్కువన్నాను.

శ్రీను, 7:58
నేనే ముందు నోరు జారానక్కా. సారీ.

శిరీష, మధ్యాహ్నం 1:10
పేరు మారుస్తాం, బొమ్మ తీస్తాం అని గుడికి మళ్ళీ ఫోన్ చేశాను. ఒప్పుకోలేదు, కమిటీలో ఎవరో గట్టిగా ఉన్నారట. డిపాజిట్ తీసేసుకున్నాను. ఇప్పుడు మనకి హాలు లేదు.

కిరణ్, 1:32
మా వీధి చివర స్కౌట్స్ హాలు ఆ శనివారం ఖాళీ. 95 పౌండ్లు. 60 మంది పడతారు, స్టేజి లేదు, వంటగది అంటే ఒక కెటిల్. ఇంకోటి, నిప్పు ససేమిరా వద్దన్నారు. అగరబత్తి వెలిగించినా అలారం మోగి ఫైరింజను వస్తుందట, బిల్లు మనకేనట.

శ్రీను, 1:40
అంటే కర్పూరం పోయింది, హోమం కూడా పోయింది. అడుగున పర్మాంగనేటు పెట్టి నెయ్యి అంటూ గ్లిజరిన్ పోస్తే మంత్రానికే మంట లేచినట్టుంటుంది. దాని కోసమే కదా ఇంతా చేసింది! పోనీ అల్యూమినియం నాణెం చేతిలో వేడెక్కి బూడిదవుతుందే, అది?

వేణు, 1:47
వద్దు. అందులో వాడేది మెర్క్యురిక్ క్లోరైడ్, విషం. పిల్లల అరచేతిలో పెడతావా? విభూతి చేద్దాం. బూడిద గంజితో కలిపి గోలీలు చేసి ఆరబెట్టి, బొటనవేలి సందున దాచి నలిపితే గాల్లోంచి రాలినట్టే. నిప్పూ లేదు, మందూ లేదు. దీని గుట్టు చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు.

లక్ష్మి, 2:05
బాబాల్లా రక్తం చూపించాలంటే ఎర్రనీళ్ళు లేవూ? పసుపులో సున్నం కలిపి దిష్టి తీస్తాం కదా. అదే చెయ్యండి.

శ్రీను, 2:08
అక్కా, అదరగొట్టావ్. నిమ్మకాయ కోస్తే రక్తం కారేలా చేద్దాం!

లక్ష్మి, 2:12
నిమ్మకాయకి కుదరదు. పులుపు తగిలితే ఎరుపు మళ్ళీ పసుపైపోతుంది. తెల్ల పంచెకి పసుపునీళ్ళు పట్టించి ఆరబెట్టు. సున్నపు తేట చూడ్డానికి మంచినీళ్ళే, తీర్థంలా చల్లితే పడ్డచోటల్లా నెత్తురు మరక. ఆ తర్వాత నిమ్మరసం చల్లి మాయం చెయ్యి. మరకలు నేనే వేస్తాను. సున్నం పిల్లల చేతికి, కళ్ళకి తగలనివ్వకండి.

వేణు, 2:15
స్టేజి లేకపోవడమే మంచిది. బల్లబల్లకీ తిరిగి చేస్తాను, దగ్గరనుంచి చూస్తే పిల్లలే పట్టుకుంటారు. పట్టుకున్నవాడికి చాక్లెట్టు. హేతువాది అబ్రహాం కోవూర్ మహిమ చూపినవాడికి లక్ష రూపాయలని పందెం పెట్టాడు, నా తాహతు ఇంతే.

శిరీష, 2:30
బుక్ చేసేశాను. 60 మందే కాబట్టి పులిహోర వద్దు, ఎవరింటి వంట వాళ్ళు తెచ్చుకోండి. మైకు కూడా వద్దేమో.

కిరణ్, 2:33
వేపపువ్వు?

శిరీష, 2:34
అయ్యో.

మూర్తి, 4:50
పోయినేడాది మా అక్క పంపిన ఎండు వేపపువ్వు డబ్బాలో ఉంది, తెస్తాను. సున్నం ఎవరింట్లో ఉంది? లేకపోతే ఈ శనివారం సౌత్‌హాల్ వెళ్ళి కిళ్ళీకొట్లో అడుగుతాను. చెంచా నా దగ్గరే ఉంది, 95 నాటిదే.