ఆవిరి రైలింజను ఎవరిది: స్టీఫెన్సన్‌దా, ట్రెవితిక్‌దా?

బిట్రగుంట మనవడు: మా అబ్బాయి పాఠంలో ఆవిరి రైలింజను కనిపెట్టింది జార్జ్ స్టీఫెన్సన్ అని ఉంది. తప్పు. 1804 ఫిబ్రవరి 21న వేల్స్‌లోని పెనిడారెన్ దగ్గర రిచర్డ్ ట్రెవితిక్ ఇంజను 10 టన్నుల ఇనుమునీ, 70 మందినీ తొమ్మిది మైళ్లకు పైగా లాగింది. స్టీఫెన్సన్ మొదటి ఇంజను 1814లో.

లెక్కల మాస్టారు: లాగింది, పట్టాలు విరగ్గొట్టింది. కొన్ని ట్రిప్పులకే మూలపడింది. దాన్ని రైలింజను అంటారా?

బిట్రగుంట మనవడు: అవి గుర్రబ్బళ్ల కోసం వేసిన పోత ఇనుప పట్టాలు. ఐదు టన్నుల ఇంజనెక్కితే విరగవా? తప్పు పట్టాలది.

లెక్కల మాస్టారు: పట్టా సంగతి చూసుకోవద్దా మరి? స్టీఫెన్సన్‌కి పోత ఇనుప పట్టాల పేటెంటులో వాటా ఉంది. అయినా ఇంగ్లండులోని స్టాక్‌టన్-డార్లింగ్టన్ రైలు లైనుకి అంత తేలిగ్గా విరగని చేత ఇనుము పట్టాలే మేలని చెప్పాడు. 1825లో ఆ లైను నడిచింది.

గోదారి గట్టు: పట్టాలు వదిలి ఇంజను గురించి చెప్పండి. స్టీఫెన్సన్ల పేరుమోసిన ఇంజను 'రాకెట్'కి గొట్టాల బాయిలరు సలహా కూడా వాళ్లది కాదు, రైల్వే కంపెనీ ఉద్యోగి హెన్రీ బూత్‌ది.

బిట్రగుంట మనవడు: ఇంజను గురించే చెప్తా. మా తాత బిట్రగుంట రైలింజన్ల షెడ్డులో ఫైర్‌మ్యాన్, ఇంజను పొయ్యిలో బొగ్గు వేసేవాడు. అరచేతుల నిండా కాయలు. "ఇంజను ఎంత రొప్పితే పొయ్యి అంత మండుద్ది రా అబ్బయా" అనేవాడు. సిలిండర్లో వాడిన ఆవిరిని పొగగొట్టంలోకి వదిలితే అది పొగను పైకి లాక్కుపోతుంది, కింద నిప్పుకి గాలి అందుతుంది. ఛుక్ ఛుక్ చప్పుడు అదే. ట్రెవితిక్ 1804లోనే ఆ పని చేశాడు, నిప్పు పుంజుకోవడం గమనించాడు కూడా.

లెక్కల మాస్టారు: గమనించి ఏం చేశాడు? 1808లో లండన్‌లో షిల్లింగు టికెట్టు పెట్టి బండి తిప్పాడు, పట్టా విరగ్గానే వదిలేశాడు. 1816లో పెరూ వెండి గనులకు వెళ్లిపోయాడు. ఇలాంటివాళ్లతో నేను పడ్డానండీ. మా వర్క్‌షాపులో ఒకాయన ఒక మాట చెప్పి వేరే సెక్షనుకి మారిపోయాడు. రెండేళ్లు రాత్రిళ్లు కూర్చుని దాన్ని పనిచేయించింది నేను. శాలువా ఆయనకి.

బిట్రగుంట మనవడు: మీ శాలువా కోసం ట్రెవితిక్ పేరు కొట్టేస్తారా? 1827లో దక్షిణ అమెరికాలోని కార్టజీనా రేవులో చేతిలో డబ్బుల్లేక నిలబడితే 50 పౌండ్లిచ్చి ఇంటికి చేర్చింది స్టీఫెన్సన్ కొడుకు రాబర్టే. 1833లో డార్ట్‌ఫర్డ్‌లో చనిపోతే తోటి పనివాళ్లు చందాలేసుకుని సాగనంపారు. సమాధి మీద పేరు కూడా లేదు. పాఠంలోనైనా ఉండొద్దా?

లెక్కల మాస్టారు: సమాధి సంగతి నాకు తెలియదు. పాఠం దిద్దమనండి, మొదటి ఇంజను ట్రెవితిక్‌దే. కానీ రోజూ నడిచే రైలు స్టీఫెన్సన్‌ది. ఆ మాట మాత్రం తీయనివ్వను.